ప్రెయిరీల ఛాయాచిత్రకారుడు కర్టిస్

అమెరికా వాయవ్య తీరాన సియాటిల్ అనే మహానగరమున్నది. ఆ నగరానికి ఆ పేరు అక్కడి ఆదివాసి నాయకుడు సియాల్త్ వలన వచ్చినది. ఆ నాయకుని కుమార్తెను తెల్లవారు ప్రిన్సెస్ ఏంజిలీన్ అని పిలిచేవారు. పేరుకు రాజకుమార్తె, బ్రతుకు మాత్రం సముద్రపుటొడ్డున గుల్లలు త్రవ్వి అమ్ముకోవడం, తెల్లవారి ఇళ్లలో బట్టలు ఉతకడం. ఆదివాసులు ఊరిలో కాపురముండరాదని 1865లోనే ఊరిపెద్దలు కట్టడి చేసినా ఆమె కదలలేదు. తలకు గుడ్డ కట్టుకొని, చేతికర్ర ఊతగా వీధుల వెంట నడిచే ఆ వృద్ధురాలిని 1895 ప్రాంతాన ఒక యువకుడు పిలిచి ఫోటోలు తీసినాడు. తీసిన ప్రతి ఫోటోకు ఒక డాలరు ఆమె చేతిలో పెట్టినాడు. గుల్లలు త్రవ్వడం కంటె ఈ పని నయమని ఆమెకు తోచి ఉండవలె. 1896లో ఆమె మరణించినది.

ఆ యువకుడు ఎడ్వర్డ్ షెరిఫ్ కర్టిస్. ఆ డాలరుతో మొదలైన వ్యాపకం 30 సంవత్సరాలకు పైగా సాగి, 20 సంపుటాల మహాగ్రంథంగా పరిణమించినది. అమెరికా ఆదివాసి అనగానే, మనం చిరకాలంగా రెడ్ ఇండియన్ అని వ్యవహరించిన ఆ మనిషి అనగానే, లోకానికి కనులముందు మెదలే రూపం చాలవరకు కర్టిస్ కల్పించినదే. గ్రద్ద ఈకల శిరోవేష్టనం, గాలికి ఎగిరే జూలుతో గుర్రం, అంతులేని గడ్డి మైదానం, దూరాన సూర్యాస్తమయం. ఆ రూపంలో సత్యమెంత, కర్టిస్ తన ఇష్టానుసారం దిద్దినదెంత అనే విచారణ నేటికీ ముగియలేదు.

ఆయన 1868 ఫిబ్రవరి 19న విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ సమీపాన జన్మించినాడు. తండ్రి అంతర్యుద్ధంలో పాల్గొని, ఆరోగ్యం చెడి ఇల్లుచేరిన సైనికుడు; తరువాత మతబోధకుడై పల్లెపల్లెకు తిరిగినాడు. కుటుంబం మినెసోటాకు తరలినది. బోధకుని సంపాదన కుటుంబానికి చాలేది కాదు. ఎడ్వర్డ్ 6వ తరగతితో చదువు చాలించినాడు. తండ్రితో పడవలో నదుల వెంట తిరగడమే ఆయనకు అసలైన విద్యాభ్యాసమయినది. చిన్నతనంలోనే తన చేతులతో కెమేరా తయారుచేసుకొన్నాడు. 17వ ఏట సెయింట్ పాల్ పట్టణంలో ఒక ఫోటోగ్రాఫరు వద్ద పని నేర్చుకొన్నాడు. 1887లో తండ్రీకొడుకులు పశ్చిమ తీరానికి వలస వెళ్లినారు. మరుసటి సంవత్సరం తక్కిన కుటుంబం వచ్చి చేరిన కొద్ది దినాలకే తండ్రి మరణించినాడు. 20 ఏండ్ల కుర్రవానిపై సంసారభారం పడినది.

సియాటిల్‌లో ఒక స్టూడియోలో 150 డాలర్లు పెట్టి భాగం కొన్నాడు. 1892లో క్లారా ఫిలిప్స్‌ను వివాహమాడినాడు. ఆయన చేతిలో ఏదో విద్య ఉన్నదని ఊరంతా గ్రహించినది. ధనికులందరూ ఆ స్టూడియోకు రావడం మొదలుపెట్టినారు. అలాగే కొనసాగి ఉంటే ఆయన సుఖంగా జీవించి, సుఖంగా మరణించి, నేడు ఎవరికీ తెలియకుండా పోయి ఉండేవాడు. కాని ఆయనకు కొండలెక్కే పిచ్చి ఉండేది. 1898లో రెయినియర్ పర్వతంమీద దారితప్పిన కొందరిని కాపాడి తన విడిదికి తీసుకొనివచ్చినాడు. వారు సామాన్యులు కారు. ఒకరు జంతుశాస్త్రవేత్త మెరియమ్. మరొకరు ప్రెయిరీ ఆదివాసుల గురించి ఎంతో తెలిసిన జార్జి బర్డ్ గ్రిన్నెల్. వారి పరిచయంతోనే 1899లో హారిమన్ అలాస్కా యాత్రకు కర్టిస్ అధికార ఛాయాచిత్రకారుడైనాడు. ఆ మరుసటి వేసవిలో గ్రిన్నెల్ ఆయనను మాంటానాకు, పీగన్ తెగవారు జరుపుకొనే సూర్యనృత్యం చూడటానికి, పిలుచుకొని వెళ్లినాడు.

ఆ పీగన్ల నాటి స్థితి తెలియకపోతే కర్టిస్ మనస్సును పట్టిన ఆవేశం మనకు అర్థం కాదు. ప్రెయిరీలంటే కెనడా నుండి టెక్సాస్ వరకు పరచుకొన్న గడ్డి మైదానాలు. అక్కడి ఆదివాసులకు బైసన్ అనే అడవిదున్నయే అన్నం, వస్త్రం, గుడారం. 1880 దశకం ముగిసేనాటికి తెల్లవారి తుపాకుల వలన ఆ మందలు దాదాపు నశించినాయి. 1890 డిసెంబరు 29న ఊండెడ్ నీ వద్ద సూ తెగవారిని, స్త్రీలని బాలలని చూడకుండా, సైన్యం కాల్చివేసినది. మిగిలినవారు ప్రభుత్వం గిరిగీసి ఇచ్చిన ప్రాంతాలలో, ప్రభుత్వమిచ్చే తిండిగింజలమీద ఆధారపడి ఉన్నారు. సూర్యనృత్యం వంటి ఆచారాలను 1883 నుండి ప్రభుత్వం నేరాల జాబితాలో చేర్చినది. పిల్లలను దూరాన ఉన్న వసతి పాఠశాలలకు తరలించి, జుట్టు కత్తిరించి, మాతృభాష మాట్లాడితే శిక్షించేవారు. 1900 జనగణనలో అమెరికా సంయుక్త రాష్ట్రాలన్నిటిలోను లెక్కకు వచ్చిన ఆదివాసులు సుమారు 2,37,000 మంది.

ఇట్టి దశలో ఆ మైదానంలో గుడారాలు వలయంగా వెలిసి, జనం నిషేధాన్ని లెక్కచేయక తమ వ్రతాన్ని తాము జరుపుకొంటూ ఉండగా కర్టిస్ చూసినాడు. ఇంకొక తరం గడిస్తే ఇదంతా మాసిపోతుందనే నమ్మకం ఆయనకు కలిగినది. ఆ నమ్మకం ఆయన ఒక్కనిదే కాదు. నాటి పండితులందరిదీ అదే. ఈ జాతి అంతరించిపోతున్నదనడం తెల్లవారికి ఒకవిధంగా సౌకర్యం కూడా. అంతరింపజేసినదెవరని ఎవరూ అడుగరు గదా! కర్టిస్‌లో ఆ సౌకర్యబుద్ధి ఉన్నదని అనలేము. ఆయన తొందరపడినాడు. మిస్సిసిపీ నదికి పడమరనున్న తెగలన్నిటినీ, పాత ఆచారాలు మిగిలినంతవరకు, చిత్రాలలోను మాటలలోను పాటలలోను పట్టి ఉంచవలెనని సంకల్పించినాడు.

సంకల్పం గొప్పదే, సొమ్ము లేదు. 1904లో ఒక మహిళాపత్రిక నడిపిన పోటీలో కర్టిస్ తీసిన బాలిక చిత్రం ఎంపికైనది. ఆ నెపాన అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ బిడ్డలను ఫోటో తీసే అవకాశం దొరికి, అధ్యక్షుడే మిత్రుడైనాడు. తరువాత ఈ గ్రంథానికి పీఠిక వ్రాసినవాడు ఆయనే. 1906 జనవరిలో కర్టిస్ న్యూయార్కుకు వెళ్లి బ్యాంకుల ప్రభువు జె. పి. మోర్గన్‌ను దర్శించినాడు. మోర్గన్ మొదట కాదన్నాడనీ, కర్టిస్ నోరు మెదపక చిత్రాలను ఒకటి తరువాత ఒకటి ఆయన ముందు పరచగా మనసు మార్చుకొన్నాడనీ చెబుతారు. ఏటికి 15,000 డాలర్ల వంతున 5 ఏండ్లపాటు, మొత్తం 75,000 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకొన్నాడు. అందుకు బదులు 25 ప్రతుల గ్రంథం, 500 చిత్రాలు. ఆ డబ్బు దేశసంచారానికి మాత్రమే; అచ్చుకు ఖర్చు చందాదారుల నుండి రావలె. కర్టిస్‌కు జీతమనేది లేదు. ఈ ఒప్పందంలోని ఉరి ఆయన మెడకు బిగియడానికి కొన్ని సంవత్సరాలు పట్టినది.

ఒక్కొక్క గ్రంథమాల వెల 3,000 డాలర్ల నుండి మొదలు. రాగి రేకులమీద చెక్కి, చేతితో చేసిన విలువైన కాగితంమీద అచ్చువేసిన చిత్రాలు; తోలు అట్టలు. 500 ప్రతులు తలపెట్టగా అందులో సగమైనా అమ్ముడుపోలేదు. ఆ చిత్రాలలో ఉన్నవారు కొనగలిగిన పుస్తకం కాదది.

మొదటి సంపుటం 1907లో వెలువడినది. ప్రెయిరీ తెగలకు సంబంధించిన ముఖ్య సంపుటాలు ఆ వెనువెంటనే వచ్చినాయి: 1908లో సూ తెగవారిది, 1909లో క్రో, హిదాత్సా, మాండన్ తెగలవి, 1911లో పీగన్, షయెన్ తెగలవి. ఈ నాలుగైదు ఏండ్లే కర్టిస్ జీవితంలో ఉచ్చదశ. బండ్లమీద గుడారాలు, కెమేరాలు, బరువైన గాజు ఫలకాలు, మైనపు గొట్టాలమీద పాటలు నమోదుచేసే యంత్రం, పుస్తకాల పెట్టె. పగలు చిత్రాలు, రాత్రి లాంతరు వెలుగులో వ్రాతపని. భాషలను చెవితో విని పట్టడంలో మేటియైన విలియం మయర్స్ ఆయనకు కుడిభుజం. హాడ్జ్ అనే పండితుడు ప్రతులు పరిష్కరించేవాడు.

కాని ఆ గుడారంలో అందరికంటె అవసరమైనవాడు దుబాసీ అలెగ్జాండర్ అప్‌షా. ఆయన క్రో తెగవాడు. ప్రసిద్ధ యోధుని కుమారుడు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చదివినవాడు. ఆదివాసిని ఆదివాసి కాకుండా చేయడానికి పెట్టిన బడి అది. అందులో నేర్చిన ఇంగ్లీషుతోనే ఆయన తన పెద్దల కథలను అచ్చుకెక్కించినాడు. వృద్ధులు కర్టిస్‌తో నోరు విప్పినారంటే అది చాలావరకు అప్‌షా మూలంగానే. క్రో సంపుటం వెలువడిన 1909లోనే ఆయన అకాలమరణం పాలైనాడు.

క్రో ప్రాంతంలో కర్టిస్ చేసిన మరొక పని ఛాయాచిత్రణం కాదు, చరిత్ర విచారణ. 1876 జూన్ 25న లిటిల్ బిగ్ హార్న్ నది వద్ద సూ, షయెన్ యోధులు కస్టర్ దళాన్ని తుదముట్టించినారు. నాటి నుండి కస్టర్ తెల్లవారికి వీరపురుషుడు. ఆనాడు కస్టర్‌కు దారిచూపిన క్రో వేగులవారు ముగ్గురిని వెంటబెట్టుకొని కర్టిస్ ఆ రణరంగమంతా తిరిగినాడు. తన సహచరుడు రెనో దళం క్రింద లోయలో చిక్కుబడి ఉండగా కస్టర్ మిట్టమీద నిలిచి చూస్తూ ఊరకుండినాడని ఆ ముగ్గురూ చెప్పినారు. కర్టిస్ దానిని వ్రాసి రూజ్‌వెల్ట్‌కు పంపినాడు. ఇన్నేండ్ల తరువాత ఆ మాటలను నమ్మరాదనే ధోరణిలో అధ్యక్షుడు వారించినాడు. ఆ సాక్ష్యం యథాతథంగా గ్రంథంలోకి ఎక్కలేదు. చందాల కోసం ధనికుల గుమ్మాలెక్కవలసిన మనిషికి ధైర్యం చాలలేదని అనుకోవలె.

కర్టిస్ చిత్రాల విషయంలోను ఇదే చిక్కు. 1905లో బాడ్‌ల్యాండ్స్ అనే బీడు కొండల నడుమ తీసినది ఒకటి ఉన్నది. సూ యోధుడు రెడ్ హాక్ ఈకల శిరోవేష్టనంతో తెల్లగుర్రంమీద కూర్చొని, చిన్న నీటిమడుగు వద్ద గుర్రానికి నీళ్లు పట్టుతున్నాడు. కనుచూపుమేర మరొక ప్రాణి లేదు. ఆ నిశ్శబ్దం చూసేవాని గుండెను పట్టుకొంటుంది. రెడ్ హాక్ నిజంగా కస్టర్‌తో పోరాడినవాడే. కాని 1905లో ఆయనకు యుద్ధం లేదు, తిరుగాడ స్వేచ్ఛ లేదు. ఆ వేషం కర్టిస్ కోరిక మీద వేసినది. ఆ ఒంటరితనం కెమేరా కల్పించినది. యుద్ధానికి కదిలే గుర్రపు దళాలు, శత్రువు కోసం మిట్టమీద పొంచిన వేగులవారు, ఇవన్నీ వృద్ధులు తమ యౌవనాన్ని కర్టిస్ కోసం తిరిగి ఆడి చూపిన ఘట్టాలు. బట్టలు కూడా కొన్నిచోట్ల అరువువి. ఒకే చొక్కా వేర్వేరు మనుష్యుల ఒంటిమీద కనిపించడం తరువాతి పరిశోధకులు పట్టుకొన్నారు.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఒక గడియారం సంగతి. 1910 ప్రాంతాన కర్టిస్ ఒక పీగన్ గుడారంలో తండ్రీకొడుకులను చిత్రించినాడు. లిటిల్ ప్లూమ్, ఆయన కుమారుడు ఎల్లో కిడ్నీ. వారి చుట్టూ పొగగొట్టం, మందుమూట, తోలు సంచులు. ఇద్దరి నడుమ నేలమీద ఒక గడియారం. గుడారంలో అది ఉండటానికి కారణాలు వెదుకనక్కరలేదు. అది వారి సొత్తు. కాని పుస్తకంలో అచ్చయిన చిత్రంలో గడియారం లేదు. దానిని మాపి, అక్కడ ఒక మసక ముద్ద మిగిల్చినారు. దిద్దని ప్రతి వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నందువలన ఈ సంగతి బయటపడినది.

చిత్రకారుడు తన చిత్రంలో అక్కరలేని వస్తువును తొలగిస్తే తప్పేమిటని ఎవరైనా అడుగవచ్చు. కర్టిస్ తనది కళ మాత్రమే అని ఉంటే ఆ సమాధానం చెల్లేది. ఆయన తనది శాస్త్రమన్నాడు, ఉన్నది ఉన్నట్లు భావితరాలకు అందించే పత్రమన్నాడు. పత్రం వ్రాసేవాడు తనకు నచ్చని పంక్తిని చెరిపివేయరాదు. పైగా ఆ చెరిపిన వస్తువేది? తమ కాలంలో తామూ బ్రతుకుతున్నామని ఆ తండ్రీకొడుకులు చెప్పుకోగలిగిన ఒకే ఒక్క ఆనవాలు.

ఇంకొక విధంగా చిత్రించడం సాధ్యం కాదా అంటే, అదే కాలంలో, అదే క్రో ప్రాంతంలో మరొకరు చేసి చూపినారు. రిచర్డ్ త్రాసెల్ క్రీ సంతతివాడు. 1902లో క్రో ప్రాంతానికి వచ్చి ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా పనిచేస్తూ కెమేరా పట్టినాడు. క్రో తెగవారు ఆయనను తమలో ఒకనిగా స్వీకరించినారు. కర్టిస్‌ను దగ్గరనుండి చూసినాడు, ఆయన వద్ద నేర్చుకొన్నాడు, ఆ ధోరణిలో గుడారాలను అస్తమయాలను తానూ తీసినాడు. కాని 1910లో తీసిన ఒక చిత్రంలో క్రో దంపతులు తమ వంటయింట్లో బల్లముందు కూర్చొని భోజనం చేస్తున్నారు. బల్లమీద శుభ్రమైన గుడ్డ, పింగాణీ పాత్రలు, ప్రక్కన ఇనుప పొయ్యి. వారి జడలు వారికున్నాయి, వారి పొయ్యి వారికున్నది. ప్రభుత్వం ఆరోగ్యప్రచారం కోసం తీయించిన చిత్రమది. కనుక అందులోను ఒకరి అవసరం లేకపోలేదు. అయినా ఆ గదిలో నుండి దేనినీ తీసివేయలేదు. త్రాసెల్ తరువాత మాంటానా శాసనసభలో సభ్యుడైనాడు, 1933లో మరణించినాడు. కర్టిస్ పేరు తెలిసినవారిలో నూటికొకరికైనా ఈయన పేరు తెలియదు.

కర్టిస్ పతనం క్రమంగా జరిగినది. 1913లో మోర్గన్ మరణించినాడు. కుమారుడు సాయం ఆపలేదు గాని అది అప్పులకు చాలలేదు. 1914లో వాయవ్య తీరపు తెగలమీద తీసిన చలనచిత్రం డబ్బు రాల్చలేదు. ఇంటికి ఏడాదిలో ఎన్నాళ్లు వచ్చేవాడో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. స్టూడియోను నడిపి, నలుగురు బిడ్డలను పెంచినది క్లారా. ఆమె 1916లో విడాకులకు దావా వేసినది. 1919లో తీర్పు వచ్చి స్టూడియో ఆమెకు దక్కినది. ఆమెకు దక్కరాదనే పంతంతో అక్కడి గాజు ఫలకాలను ఎన్నింటినో పగులగొట్టినారని చెబుతారు. అంతరించేవాటిని కాపాడుతానన్న మనిషి కథలో ఇదొక చేదు ఘట్టం. పెద్దకుమార్తె బెత్ తండ్రి పక్షాన నిలిచి ఆయనతో లాస్ ఏంజిలీస్‌కు వెళ్లినది. అక్కడ పొట్టకోసం హాలీవుడ్‌లో కెమేరా పని చేసినాడు.

గ్రంథం మాత్రం వదలలేదు. కెనడా ప్రెయిరీలలో ఆల్బర్టా ప్రాంతం తిరిగి క్రీ, సార్సీ తెగలను చిత్రించినాడు; ఆ 18వ సంపుటం 1928లో వచ్చినది. అక్కడ కూడా నృత్యాలమీద 1895 నుండి నిషేధముండేది. తెల్ల అధికారి చీటీ లేనిదే తమ హద్దు దాటరాదనే కట్టడి కూడా ఆ మైదానాలు ఎరిగినవే. ఓక్లహోమా తెగల సంపుటానికి వచ్చేసరికి కర్టిస్‌కు దాచడానికి వీలు కాలేదు. ఒక కమాంచీ యువకుడు కోటు తొడిగి, టై కట్టుకొని, క్రాపుతో నేరుగా కెమేరావైపు చూస్తున్న చిత్రం అందులో ఉన్నది. 20 ఏండ్లు ఆలస్యంగానైనా ఆ పుటలలోకి వర్తమానం ప్రవేశించినది.

1927లో, 59వ ఏట, చివరి సంపుటం కోసం బేరింగ్ సముద్రం మీదికి పడవలో వెళ్లి, తుపానులో ప్రాణాలతో బయటపడినాడు. తిరిగి సియాటిల్‌లో అడుగుపెట్టగానే క్లారాకు మనోవర్తి చెల్లించలేదనే అభియోగంమీద అరెస్టు చేసినారు. లక్షల డాలర్లు వెచ్చించిన గ్రంథకర్త తన వద్ద చిల్లిగవ్వ లేదని న్యాయస్థానంలో చెప్పుకొన్నాడు. 1930లో 20వ సంపుటం వెలువడినది. 80కి పైగా తెగలు, సుమారు 40,000 ఛాయాచిత్రాలు, వేల సంఖ్యలో మైనపు గొట్టాల పాటలు. దేశం ఆర్థిక మాంద్యంలో మునిగి ఉన్నది. ఎవరూ తలయెత్తి చూడలేదు. హక్కులన్నీ అంతకుముందే మోర్గన్ సంస్థకు వెళ్లినాయి. 1935లో ఆ సంస్థ మిగిలిన ప్రతులను, రాగి రేకులను బోస్టన్‌లోని ఒక పుస్తకవ్యాపారికి 1,000 డాలర్లకు అమ్మివేసినది. అవి నేలమాళిగలో పడి ఉన్నాయి.

కర్టిస్ ఆ తరువాత బంగారపు గనుల భ్రమలో కొంతకాలం గడిపినాడు. చివరి దినాలలో సియాటిల్ గ్రంథాలయంలో పనిచేసే ఒకామె లేఖలు వ్రాసి అడుగగా, వణికే చేతితో తన కథ కొంత ఆమెకు వ్రాసిపంపినాడు. 1952 అక్టోబరు 19న, 84వ ఏట, లాస్ ఏంజిలీస్‌లో బెత్ ఇంట మరణించినాడు. న్యూయార్కు పత్రికలో వచ్చిన వార్త కొద్ది పంక్తులే. ఆదివాసుల చరిత్ర తెలిసినవాడని పేర్కొని, ఆయన ఛాయాచిత్రకారుడన్న సంగతి చివరికి చేర్చినారు.

1970 దశకంలో బోస్టన్ నేలమాళిగలోని రేకులు వెలుగుచూసినాయి. నాటినుండి ఆ చిత్రాలు గోడలకెక్కినాయి. పూర్తి గ్రంథమాల ఒకటి వేలంలో పది లక్షల డాలర్లకు పైగా పలికినది. అంతరిస్తారన్న ప్రజలు అంతరించలేదు. 2020 అమెరికా జనగణనలో తాము ఆదివాసి సంతతివారమని వ్రాయించుకొన్నవారు 97 లక్షలు. వారిలో కొందరు కర్టిస్‌ను క్షమించలేదు. మరికొందరు ఆ పుటలను తమ ఇంటి ఆల్బములవలె తిరుగవేస్తారు. ఎందుకంటే ఆ కాలపు వ్యాపారులు అమ్మిన బొమ్మకార్డులమీద ఆదివాసి నాయకుడు, ఆదివాసి స్త్రీ అని తప్ప మరేమీ ఉండేది కాదు. కర్టిస్ చాలాచోట్ల ముఖం క్రింద పేరు అచ్చువేసినాడు. సూ, క్రో సంపుటాల చివర, ఆ మనిషి ఏ సంవత్సరం పుట్టినాడో, ఎన్నవ ఏట మొదటి పోరుకు వెళ్లినాడో, ఉపవాసముండి ఏ స్వప్నం కన్నాడో, ఎవరిని పెండ్లాడినాడో, అప్‌షా వంటివారు అడిగి తెలుసుకొన్నంతవరకు, ఒక్కొక్కరికి కొన్ని పంక్తుల వంతున వ్రాసిపెట్టినాడు.